మూడు జానల కిటికీ

జగ్గయ్యపేట,
14-6-1978

బాలామణీ,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నా. జగ్గయ్యపేటలో బస్సెక్కితే గంట తిరక్కుండా నందిగామలో దిగుతాం. ఇంత దగ్గరలో ఉన్న చెల్లెలికి కవరు కొని ఉత్తరం రాసేవాణ్ణి చూస్తే పోస్టుమాస్టరుకి కూడా నవ్వొస్తుంది. కానీ ఏం చెయ్యను? మార్చిలో కొత్త కొట్టు తెరిచినప్పుడు నువ్వు రాలేదు. ఉగాదికి రాలేదు. ఆవకాయ పెడుతున్నా రమ్మని మీ వదిన కబురు చేసినా రాలేదు. "తీరిక లేదు" అని కార్డొకటి వచ్చింది, అదీ నీ కోడలు ప్రమీల చేతిరాత. నీ రాత నాకు తెలీదా? నువ్వు "క" రాస్తే మన కొట్లో గిలక కొక్కెంలా ఉంటుంది. ఉత్తరాలు చెప్పి రాయించుకునేంత జమీందారిణివి ఎప్పుడయ్యావు? నా వల్ల ఏం తప్పు జరిగిందో చెబితే దిద్దుకుంటా. చెప్పకపోతే, నువ్విక్కడికి వచ్చేదాకా నేను మీ గడప తొక్కను.

అసలు సంగతి ఇది కాదు. బావగారు బెజవాడ నుంచి లవ్ బర్డ్స్ జత తెచ్చారనీ, వాటిని అట్టపెట్టెకు చిల్లులు పొడిచి అందులో పెట్టారనీ మీ ఊరి బాలస్వామి గడ్డపార కొనడానికొచ్చి చెప్పాడు. అట్టపెట్టె ఎన్నాళ్ళుంటుంది? కొరికి పారేస్తాయి. పంజరం కొనేముందు నన్నొక మాటడగండి. ఇనపసామాను అమ్ముకునేవాడికి పిట్టల సంగతేం తెలుసంటావేమో. నా చిలక జ్ఞాపకముందా? రెండేళ్ళు జామకాయలు మేపితే ఒక్క మాట నేర్చుకోలేదు, రేకు మీద మేకు కొట్టే చప్పుడు మాత్రం నేర్చుకుంది. నాన్న పెరట్లో ఎవరో రేకు దొంగలిస్తున్నారని కర్ర పట్టుకుని మూడుసార్లు పరిగెత్తాడు. దానికి చెక్క పంజరం చేశా. ఒక్క మధ్యాహ్నంలో చువ్వలన్నీ నమిలేసి, పంజరం పైకెక్కి కూర్చుంది. ఎగిరిపోలేదు. అప్పుడర్థమైంది, పంజరం పిట్టని ఆపడానికి కాదు, పిల్లిని ఆపడానికి.

అందుకని చెబుతున్నా. సంతలో అమ్మే గుండ్రటి గోపురాల పంజరం కొనొద్దు. పల్లకీలా బాగుంటుంది, కానీ పిట్టకి ఒదిగి కూర్చునే మూల ఉండదు. చువ్వల మధ్య సందు ఎక్కువైతే తల దూర్చి ఇరుక్కుంటాయి. చెక్క పనికిరాదు, రంగు అసలే పనికిరాదు. ఎక్కడ పెడతావో అక్కడ కొలిచి రాయి. మన కొట్టు పక్కనే వెల్డింగు చేసే జ్ఞానయ్య చేత చేయిస్తా.

కోపం పోలేదు. ఆశీస్సులు మాత్రం అందుకో.

మీ అన్నయ్య,
కోటేశ్వరరావు


నందిగామ,
20-6-1978

అన్నయ్యకు నమస్కారాలు.

నువ్వే తప్పూ చెయ్యలేదు. చేసి ఉంటే కార్డు రాసి ఊరుకుంటానా, వచ్చి మరీ పోట్లాడేదాన్ని. ఇంట్లో పనితో తీరడం లేదు. నా కళ్ళజోడు పగిలింది, అందుకని ప్రమీల చేత రాయిస్తున్నా.

పిట్టలు బాగున్నాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. ఆకుపచ్చది మగది. పొట్ట ముందుకు పెట్టి ఎవరో అర్జీ పట్టుకొస్తున్నట్టు కూర్చుంటుందని మీ బావగారు దానికి తహసీల్దారని పేరు పెట్టారు. కొర్రలు తింటాయి. అట్టపెట్టె నువ్వన్నట్టే అయిపోయింది. ఇప్పుడు బియ్యం జల్లెడ బోర్లించి పెట్టాం.

పెరటి వసారాలో చిన్న కిటికీ ఉంది చూడు, చువ్వల్లేనిది, అందులో పెడదామని. పొద్దుటి ఎండ తగులుతుంది, పిల్లి అందుకోలేదు. వెడల్పు మూడు జానలు. ఎత్తు నాలుగు. నేనే కొలిచా. మీ బావగారు టేపు తెస్తానంటే, "మా నాన్న జానతో కొలిచి కొట్టు కట్టాడు, పడిపోయిందా?" అన్నా. సందు నా చిటికెనవేలు పట్టనంత ఉంటే చాలు.

వదినకు చెప్పు, ఆవకాయ పంపమని.

నీ చెల్లెలు,
బాలామణి

పెదనాన్నగారికి నమస్కారం. కళ్ళజోడు పగల్లేదండి. ఇంతకంటే రాయను. – ప్రమీల


జగ్గయ్యపేట,
8-7-1978

బాలామణీ,

కళ్ళజోడు సంగతి నాకు తెలిసింది. ఎలా తెలిసిందని అడక్కు. నీకు నా మీద కోపం ఉందన్నమాట నిజమే, కారణం చెప్పే మనసు లేదు. సరే, ఉంచుకో.

పంజరం పంపుతున్నా. కొలతల కాగితం చూసి జ్ఞానయ్య, "జానంటే ఎవరి జానండీ? మీదా, నాదా?" అన్నాడు.

"మా చెల్లెలిది."

"అయితే ఆవిణ్ణి తీసుకురండి."

"అక్కర్లేదు, కొట్లోనే ఉంది" అని నాన్న గజంబద్ద తీశా. మర్చిపోయావా? దసరాకి కొట్లో సామానంతా పూజలో పెట్టినప్పుడు నాన్న మన చేతులు గజంబద్ద వెనక వైపు పరిచి, బొటనవేలి దగ్గరొకటి, చిటికెనవేలి దగ్గరొకటి మేకుతో గీసేవాడు. ఏ ఏడు ఎంత పెరిగామో అదే లెక్క. బడిలో వేసిన మార్కులు ఆయనెప్పుడూ అడగలేదు. నావి ఏడు గీతలున్నాయి, నీవి నాలుగు. ఆఖరిది నీ పెళ్ళయిన ఏడాది. ఎనిమిదంగుళాలు. పద్నాలుగేళ్ళ పిల్లకి అంత జానేమిటని అప్పట్లో అమ్మ దిష్టి తీసింది. ఆ లెక్కన ఇరవై నాలుగు అంగుళాల వెడల్పు, ముప్ఫై రెండు ఎత్తు చేయించా. చిటికెనవేలికి గీత లేదు. జ్ఞానయ్య తన చిటికెనవేలు చూపించాడు. అది నా బొటనవేలికి పెద్దన్నయ్య. పెన్సిలిచ్చి, "సందు దీనికంటే తక్కువుండాలి" అన్నా.

పంజరాన్ని బస్సు మీదకెక్కిస్తుంటే కండక్టరు, "ఏముంది ఇందులో?" అన్నాడు. "ఏమీ లేదయ్యా" అన్నా. "ఏమీ లేనిదానికి ఇంత గట్టి తలుపెందుకు?" అన్నాడు. మీ ఊళ్ళో దించమని మర్యాదగా అప్పగించా.

లోపల ఓ చిన్న ఉయ్యాల, మువ్వ, గుండ్రటి అద్దం కట్టించా. ఊరికే కూర్చుంటే పిట్టకీ మనిషికీ విసుగే.

కోటేశ్వరరావు


నందిగామ,
12-7-1978

అన్నయ్యా,

పంజరం అందింది. బస్టాండు నుంచి రిక్షాలో తెస్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఇది పిట్టలకా, లేగదూడకా? ఎదురింటి సౌభాగ్యమ్మగారు "సర్కసేమైనా దిగిందా అమ్మా?" అనడిగింది. కిటికీలో పట్టలేదు. అడ్డంగా పట్టలేదు, నిలువుగా పట్టలేదు. మీ బావగారు కిటికీ పగలగొట్టిద్దామన్నారు.

చిన్నప్పుడూ అంతే నువ్వు, నేను చెప్పింది వినకుండా నీకు తోచింది చేసి పైగా కథలు చెబుతావు. కిటికీ ఈ చివర్నుంచి ఆ చివరికి మూడు జానలే. నీ మీద కోపంతో మళ్ళీ కొలిచా. మూడే. మీ బావగారు టేపు పెట్టి చూశారు. పదిహేను అంగుళాలట. ఇప్పుడైనా తెలిసిందా తప్పెవరిదో?

దాన్ని వసారాలో బల్ల మీద పెట్టాం. పిల్లి వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. రోజంతా కాపలా.

అద్దం తీసేశా. తహసీల్దారు దాని ముందునుంచి కదలడు. అందులో ఉన్నది ఇంకో పిట్టనుకుని దానికి కొర్రలు తినిపిస్తున్నాడు. పక్కన పెళ్ళాం నోరు తెరుచుకుని చూస్తోంది.

బాలామణి


జగ్గయ్యపేట,
14-7-1978

బాలామణీ,

పదిహేనుని మూడు పెట్టి భాగించా. ఐదొచ్చింది. బద్ద మీద నీ జాన ఎనిమిది. పద్నాలుగేళ్ళప్పుడు ఎనిమిదున్న చెయ్యి యాభై రెండేళ్ళకి ఐదెలా అవుతుంది?

నీ చేతికి ఏమైంది?

జవాబు నువ్వే రాయి. వంకరటింకరగా ఉన్నా సరే.

కోటేశ్వరరావు


నందిగామ,
19-7-1978

అన్నయ్యా,

నేను రాయలేను. ప్రమీలే రాస్తోంది.

ఫిబ్రవరిలో నూతి దగ్గర చప్టా మీద జారా. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. కట్టు విప్పాక ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు ముడుచుకుపోయాయి. రోజూ చాపి ముడవాలని డాక్టరు చెప్పాడు. రెండ్రోజులు చేశా. ప్రాణం పోయినట్టుండి మానేశా. ఇలాగే వదిలేస్తే ఇంక ఎప్పటికీ తెరుచుకోవన్నాడు. సరేలే అనుకున్నా.

నీకెందుకు చెప్పలేదంటే, చెంచాతో తింటున్నా అన్నయ్యా. అన్నం కలపలేను. నీ కొత్త కొట్టు భోజనాల్లో వందమంది మధ్య విస్తరి ముందు చెంచా పట్టుకుని కూర్చోవాలి. వరసపెట్టి అందరూ అడుగుతారు. ఒక్కొక్కరికి నూతి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాలి. నా వల్ల కాదు. ఇంట్లో ఊరికే కూర్చున్నానని మీ బావగారు ఈ పిట్టల్ని తెచ్చారు.

కిటికీ కొలిచింది ఆ చేత్తోనే. నలభై ఏళ్ళ అలవాటు, కొలతకి ఎడం చెయ్యి ముందుకు రాదు. చాపే కొలిచాననుకున్నా. చాపలేదని నీ భాగారం చూశాక తెలిసింది.

నువ్వు రావద్దు. వస్తే చెయ్యి చూస్తావు. చూసి, ఏమీ చూడనట్టు మొహం పెడతావు. అది నాకు మరీ కష్టం. నేను రమ్మన్నప్పుడు రా.

బాలామణి


జగ్గయ్యపేట,
2-8-1978

బాలామణీ,

రావడం లేదు. రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి తిరిగొచ్చా. అది రావడం కిందకి రాదు.

పిట్టల ఆటబొమ్మల గురించి నాకు జ్ఞానోదయమైంది. మనం పంపిన మువ్వ, ఉయ్యాల, అవన్నీ చూడ్డానికి బాగుండేవి. పిట్టకి కావలసింది చూసే బొమ్మ కాదు, పాడు చేసే బొమ్మ. దాని ముక్కు పెరుగుతూనే ఉంటుంది, ఏదో ఒకటి నమలాలి. అందుకని మొన్న కొండపల్లి వెళ్ళా. అక్కడ బొమ్మలు చేసేది పొణికి కర్రతో, మెత్తగా బెండులా ఉంటుంది. ఒకాయన ఏనుగంబారీ చేస్తున్నాడు. గంటసేపు కూర్చుని చూశా. ఏనుక్కి తొండం విడిగా చేసి అతికిస్తారని నీకు తెలుసా? నాకు తెలీదు. మనం కొన్న ఏనుగులన్నీ ఒకే ముక్కలో చేసినవనుకుని యాభై ఏళ్ళు బతికా. సరే, ఆయన్ని చిన్న ముక్కలు కోసి మధ్యలో బెజ్జాలు పెట్టి ఇమ్మన్నా. "ఏ రంగు వెయ్యమంటారండీ?" అన్నాడు. "రంగొద్దు." "రంగు లేకుండా ఎవరు కొంటారండీ?" "కొనేవాళ్ళకి కాదు, తినేవాళ్ళకి" అన్నా. నావైపు అదోలా చూసి ఒక బుట్టెడిచ్చాడు.

బుట్టా, పురికొసా పంపుతున్నా. రోజుకో దండ గుచ్చి పంజరంలో కట్టు. వాళ్ళు పీకేస్తారు. మర్నాడు ఇంకోటి గుచ్చు. ఏ చేత్తో గుచ్చాలో నేను చెప్పను. చుట్టాలందరి గుమ్మాలకీ పూసల చిలకలు అల్లి వేలాడదీసినదానివి, నీకు నేను చెప్పడమేమిటి?

ఇంకొకటి. దసరాకి గజంబద్ద పూజలో పెడతా. అప్పటికి నీ జాన ఎంతుంటే అంత దారం తెంచి కవర్లో పంపు.

అన్నయ్య


నందిగామ,
3-9-1978

అన్నయ్యా,

నువ్వు పంపింది బొమ్మలు కాదు, పని. నాకు తెలీదనుకోకు.

మొదటి రోజు ప్రమీల గుచ్చుతానంది. వద్దన్నా. పొద్దున మొదలుపెడితే మూడు ముక్కలు గుచ్చేసరికి వంటయిపోయింది, భోజనాలయిపోయాయి, మీ బావగారు కునుకు తీసి లేచారు. ముక్క వేళ్ళ మధ్య నిలవదు. కిందపడి బల్లకిందకి దొర్లుతుంది. వంగి తీస్తే పురికొస జారుతుంది. ఎలాగో కట్టా. తహసీల్దారు వచ్చి, ఇటు చూసి అటు చూసి, పది నిమిషాల్లో మూడూ పీకి నేల మీద పడేశాడు. పెళ్ళాం పొగిడింది.

నాకు ఒళ్ళు మండింది. మూడు ముక్కలకి నేను పొద్దంతా ఏడిస్తే పది నిమిషాలా? మర్నాడు నాలుగు గుచ్చా. ముడి గట్టిగా వేశా. పావుగంట పట్టింది వాడికి. నిన్న ఏడు. ముడి మీద ముడి వేశా. సాయంత్రం దాకా తిప్పలు పడ్డాడు.

నొప్పి బాగా ఉంది. వేడినీళ్ళలో చెయ్యి పెడుతున్నా. ప్రమీల ఇది రాస్తూ నవ్వుతోంది, ఎందుకో తెలీదు. ఇంకో బుట్ట పంపు.

బాలామణి


జగ్గయ్యపేట,
12-10-1978

బాలామణీ,

దారం అందింది! నిన్న పూజలో గజంబద్దకి బొట్టు పెట్టి, దారం పరిచి చూశా. ఎనిమిది! సరిగ్గా ఎనిమిది! మీ వదిన మళ్ళీ పెట్టి చూసింది. జ్ఞానయ్యని పిలిచి చూపించా. "ఈవిడదేనా ఆ పంజరం?" అన్నాడు. కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ మిఠాయి పంచా. ఎందుకని అడిగితే దసరాకన్నా. బద్ద మీద పాత గీత పక్కనే కొత్త గీత గీశా.

ఇంక నువ్వు పిలిచేదేమిటి? ఆదివారం తొమ్మిదింటి బస్సుకి నేనూ వదినా వస్తున్నాం.

అన్నయ్య


నందిగామ,
14-10-1978

అన్నయ్యా,

రావద్దు. ఈ ఉత్తరం మీ ఊరి బస్సు కండక్టరు చేతికిస్తున్నా, రేపు పొద్దున్నకి నీకు చేరాలి.

ఆ దారం ఎడం చేతిది.

కుడిది కొలిస్తే ఆరే వచ్చింది. పండగపూట ఆరు పంపడానికి మనసొప్పలేదు. నువ్వు చూసి పెట్టెలో పడేస్తావనుకున్నా. మిఠాయి పంచుతావని నాకేం తెలుసు?

నాన్న బద్ద మీద అబద్ధం గీయించా. ఆ గీత కొట్టెయ్యి.

బాలామణి


జగ్గయ్యపేట,
21-10-1978

బాలామణీ,

అందింది. రాలేదు. మీ వదిన చీర మార్చుకుంది, మళ్ళీ మార్చుకుంది.

మిఠాయి వెనక్కి తీసుకోవడం కుదరదు, జ్ఞానయ్య తినేశాడు. గీత కొట్టెయ్యలేదు. అది అబద్ధం కాదు, ఎడం చెయ్యి నిజం. నాన్న మనకెప్పుడూ ఎడం చెయ్యి గీయలేదు, అది ఆయన లోపం. ఇంక ఆరంటావా, జూలైలో ఐదు. నెలల లెక్కన చూస్తే పద్నాలుగేళ్ళ లోపు కూడా నువ్వింత జోరుగా పెరగలేదు.

తొందర లేదు. రెండు బుట్టలు పంపుతున్నా. ఈసారి బెజ్జాలు చిన్నవి పెట్టించా. తహసీల్దారు బలిసిపోయుంటాడు, వాడికి కష్టం ఉండాలి.

పిల్లి ఎలా ఉంది?

అన్నయ్య


నందిగామ,
28-1-1979

అన్నయ్యా,

ఇది నేనే రాస్తున్నా. ప్రమీల పుట్టింటికెళ్ళింది. నీ అంత పొడుగు రాయలేను.

పిల్లి మొన్న పంజరం సందులో గోళ్ళు దూర్చింది. ఆడపిట్ట తోక ఈక ఒకటి పోయింది. బల్ల మీద లాభం లేదు, కిటికీలోకి మార్చాలి. జ్ఞానయ్యకి చెప్పు. వెడల్పు రెండు జానలు, పైన ఒక అంగుళం. కుడి చెయ్యే. ఎత్తు రెండు జానలు, పైన ఆరంగుళాలు.

నువ్వే తీసుకురా. వదినని కూడా.

బాలామణి


జగ్గయ్యపేట,
1-2-1979

బాలామణీ,

"క" కొక్కెంలాగే ఉంది.

పదిహేనులోంచి అంగుళం తీసేసి రెండు పెట్టి భాగించా. బద్ద మీద ఏడంగుళాల దగ్గర గీత గీశా. జ్ఞానయ్య, "మళ్ళీ జానలేనా, ఈసారి ఏ కొలతండీ?" అన్నాడు. "ఇవాళ్టిది" అన్నా. శనివారానికి ఇస్తాడు. ఆదివారం తొమ్మిదింటి బస్సు. ఒళ్ళో పెట్టుకుని తెస్తా, పైకెక్కించను.

అన్నయ్య


నందిగామ,
14-2-1979

అన్నయ్యా,

క్షేమంగా చేరారని కార్డు అందింది. పంజరం కిటికీలో ఎలా పట్టిందో నువ్వు చూశావు కనక రాయను. పిట్టలు అలవాటు పడ్డాయి. పిల్లి కింద కూర్చుని రెండ్రోజులు చూసి రావడం మానేసింది.

భోజనాల దగ్గర నువ్వు నా విస్తరి వంక చూడకుండా మజ్జిగ చెంబునే చూస్తూ కూర్చున్నావు. చూడొచ్చు. ఈసారి వచ్చినప్పుడు చూడు.

పెద్ద పంజరం ఏం చేస్తావని అడిగావు. నిన్న అందులో గుడ్డ పరిచి గుమ్మడి ఒడియాలు పెట్టా, నాలుగు వరసలు. తీసుకెళ్ళి ఎండలో పెట్టాం. మధ్యాహ్నం ఒక కాకి వచ్చి చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్ళిపోయింది.

బాలామణి